ఒక్క టికెట్టు

మన ఇళ్లలో అందరూ కలిసి ఏ ఊరు పోయినా, ఏ కొండ ఎక్కినా, ఒక ఆడమనిషి కింద కూర్చుని ఉంటుంది. గమనించారా? చెప్పులు, సంచులు, నీళ్ల సీసాలు, నిద్రపోయిన చంటిబిడ్డ, అన్నీ ఆమె దగ్గరే. "మీరు పోయి చూసి రండి, నాకెందుకులే" అంటుంది. ఆ మాటకి ఎవరూ గట్టిగా అడ్డు చెప్పరు. సంచుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి గదా మరి.

నేను చెప్పబోయేది చాలామందికి నచ్చకపోవచ్చు. కుటుంబమంతా కలిసి పోయిన ప్రతి ప్రయాణంలోనూ ఇల్లాలికి ఒక పూట విడిగా ఉండాలి. ఒక్కతే. తోడు ఆడబిడ్డ వద్దు, పిల్లలు వద్దు, మొగుడు అసలే వద్దు. ఆ పూట ఏదన్నా ఎత్తైన చోటికి పోగలిగితే ఇంకా మంచిది. గుడికి పోతే మళ్లీ అందరి పేర్లూ గోత్రాలూ చెప్పి అర్చన చేయించాలి. చీరల అంగడికి పోతే పెట్టుబడి చీరల లెక్క గుర్తుకొస్తుంది. ఎత్తు మీద చేసే పని ఏమీ లేదు, చూడటం తప్ప. అందుకే ఆ చోటు.

మా వీధిలో ఒకావిడ కొడుకు దగ్గరికి దుబాయి పోయి నెలరోజులుండి వచ్చింది. బుర్జ్ ఖలీఫా చూశావా అక్కా అంటే చూశానంది. ఎక్కావా అంటే నవ్వింది. కొడుకూ కోడలూ పిల్లలూ ఎక్కారంట. టికెట్టు మన డబ్బుల్లో వేలల్లో ఉండేసరికి "నాకెందుకులే" అని కింద ఫౌంటెన్ దగ్గర కూర్చుందంట. 828 మీటర్ల మేడ అది, లోకంలో దాన్ని మించింది లేదు. 124వ అంతస్తులో, 452 మీటర్ల ఎత్తున జనం నిలబడి చూడటానికని చోటు కట్టారు. అంత దూరం పోయి కింద నించి చూస్తే మెడనొప్పి తప్ప ఏముంది? పైగా ఆవిడ తన సంపాదన లేని మనిషి కూడా కాదు, రెండు గేదెల పాలు పోసి చీటీ కట్టే మనిషి. మనవడికి అక్కడే బొమ్మ కారు కొనిచ్చింది, అదీ వేలల్లోనే.

మాది నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు. ఇక్కడ ఆకాశాన్నంటే మేడలు లేవు. భూమి అంతా పళ్లెం లాగా చదును. వరి మళ్లు, ఉప్పు మళ్లు, రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, అవతల సముద్రం. ఎత్తు అంటే మాకు డాబా, అంతే. వడియాలు పెట్టడానికీ బట్టలు ఆరేయడానికీ రోజుకి నాలుగుసార్లు ఎక్కుతాం గానీ ఎక్కి ఎటైనా చూశామా అంటే, వాన మబ్బు వస్తోందా లేదా అనే చూస్తాం.

మా అబ్బోడు ఇంటర్ చదివేటప్పుడు ఒక లెక్క చెప్పాడు, నాకు బాగా గుర్తుండిపోయింది. భూమి గుండ్రం కాబట్టి, మైపాడు ఇసకలో నిలబడ్డ మనిషికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దాకానే కనిపిస్తుందంట, కాస్త అటూ ఇటూగా. అక్కడే గీత గీసినట్టు ఆగిపోతుంది. అదే 45 మీటర్ల పైన నిలబడితే 24 కిలోమీటర్లు. దుబాయి మేడ మీద 124వ అంతస్తులో అయితే 75 కిలోమీటర్లు దాటుతుంది. కళ్లు అవే, సముద్రం అదే, నిలబడ్డ చోటు మారిందంతే. పుట్టినప్పటి నించి నాలుగున్నర కిలోమీటర్ల సముద్రమే చూసి "సముద్రం నాకు కొత్తా" అనుకుంటూ ఉన్నాను నేను.

దగ్గర్లో ఎత్తైన చోట్లు అసలు లేకపోలేదు. క్రిష్ణపట్నంలో దీపస్తంభం ఉంది. దుగరాజపట్నం వైపు ఆర్మగాన్ దీపస్తంభం ఉంది. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరేది జనం చూడటానికని 2019లో అయిదు వేలమంది పట్టే గ్యాలరీ కట్టారు. నేలపట్టులో పక్షుల కోసం కట్టిన మంచె లాంటి టవరుంది. చెరువులో మునిగిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపే చోటది. 1976 నించీ దాన్ని పక్షుల రక్షణ కేంద్రంగా ఉంచారు. మేము ఆ టవరు మూడుసార్లు ఎక్కాం. మూడుసార్లూ నేను చూసింది పక్షుల్ని కాదు, మా పిల్లల కాళ్లని. మెట్టు తప్పుతారేమో, కమ్మీల్లోంచి వంగుతారేమో అని. ఒకసారి మా ఆయన "అదుగో చూడు, పిల్లకి నోట్లోంచి మేత పెడతా ఉంది" అన్నాడు. నేను తిరిగేసరికి అయిపోయింది. ఆ వేళ నేనూ మా పాపకి అరటిపండు ఒలిచి పెడుతున్నాను లెండి.

అందరితో కలిసి చూడటంలో ఆనందం లేదని నేననను. ఉంది. కానీ అది చూడటం కాదు, చూపించడం. పిల్లలకి చూపిస్తాం, అత్తమ్మకి చూపిస్తాం, ఫోనుకి చూపిస్తాం. తలకాయలు లెక్కబెట్టుకుంటూ ఉంటాం. అయిదుగురు వచ్చాం, అయిదుగురూ ఉన్నారా? ఆ లెక్క నడుస్తున్నంతసేపూ ఆ మనసులోకి ఇంకో సంగతి దూరదు.

"ఒంటరిగా ఆడమనిషి ఎట్టా పోతుందమ్మా, రోజులు బాగాలేవు" అంటారు. అనేవాళ్లకి నేనొకటి చెప్తాను. తెల్లవారుజామున మా తీరం నించి నెల్లూరు మార్కెట్టుకి చేపల గంపలతో పోయే ఆడవాళ్లని చూడండి. చీకటి ఉండగానే లేచి, ఆటోలోనో తొలి బస్సులోనో ఒక్కతే పోయి, బేరగాళ్లతో కొట్లాడి, అమ్ముకుని, ఎండ ముదిరాక ఇంటికొస్తుంది. ఒంటరిగా ఎట్టా పోతావమ్మా అని ఆమెని ఎవరన్నా అడిగారా? నన్నే తీసుకోండి. మామయ్యకి గుండె జబ్బు వచ్చినప్పుడు ఆ రిపోర్టులు చంకలో పెట్టుకుని నెల్లూరు నించి మద్రాసు పినాకినిలో ఒక్కదాన్నే ఎన్నిసార్లు తిరిగానో. ఒక్కదానివా అని అప్పుడు ఇంట్లో ఎవరూ అనలా. పని మీద అయితే ఆడది ఒంటరిగా ఎంత దూరమైనా పోవచ్చు. సరదా మీద పోతానంటేనే లోకం చెడ్డదైపోతుంది. అంటే భయం దారి గురించి కాదు, సరదా గురించి.

మన జిల్లా ఆడవాళ్లు గడప దాటని వాళ్లా అంటే అదీ కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మీదికి కదిలితే ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, మరుసటేడు అక్టోబరుకల్లా సర్కారు సారాని నిషేధించాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మా మగవాళ్లు కూడా మీసం దువ్వుతారు. సంసారం నిలబెట్టడానికి బయటికొస్తే గౌరవం. ఊరికే, ఏ కారణం లేకుండా, గాలి కోసం బయటికొస్తే?

రొట్టెల పండుగ గుర్తుకొస్తుంది నాకు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో నడుముల్లోతు నీళ్లలో నిలబడి, కులం మతం లేకుండా రొట్టెలు మార్చుకుంటాం. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఈమధ్య వీసా రొట్టె కూడా. ఎన్నో ఏళ్లుగా పోతున్నాను. ఎవరి కోసం పట్టుకున్నానో తలుచుకుంటే, అబ్బోడి చదువుకి, పాప పెళ్లికి, మామయ్య గుండెకి, మా ఆయన అప్పులకి. పాప పెళ్లయ్యాక పాప సంతానానికి. "నా కోసం" అని అడిగి తీసుకునే రొట్టె ఏదన్నా ఉందేమో, నాకైతే ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

సరే, సంగతికొస్తాను. పోయిన డిసెంబరులో రొయ్య పట్టుబడి బాగా వచ్చింది. రొయ్యల రైతు ఇంట్లో సెలవులంటే క్యాలెండరు చూసి కాదు, గుంట చూసి. పట్టుబడి అయిపోయి, గుంట ఎండగట్టి, మళ్లీ పిల్ల వదిలేలోగా దొరికిన పది రోజులే మా వేసవి సెలవులూ దసరా సెలవులూ. అందరం మద్రాసులో మా వదిన ఇంటికి పోయాం, మందవెల్లి. రెండో రోజు అందరూ టీ నగరు పోదామన్నారు. నేను "మీరు పోయి రండి, నేను మెరీనా లైట్ హౌసు ఎక్కాలి" అన్నాను.

ఇల్లంతా ఒక్క నిమిషం ఆగిపోయింది.

"ఒక్కదానివా?" అంది వదిన.

"తోడు అబ్బోణ్ణి తీసుకుపో" అంది అత్తమ్మ. అబ్బోడు ఫోనులోంచి తల ఎత్తి నా వైపు జాలిగా చూశాడు, తీసుకుపోవద్దని.

"ఆడేముంది? మన క్రిష్ణపట్నంలో లేదా లైట్ హౌసు?" అన్నాడు మా ఆయన.

"ఉంది. ఎప్పుడన్నా ఎక్కించారా?"

దానికి ఆయన నవ్వాడు. మంచివాడే. కారు పెట్టి దింపించి, అయిపోయేదాకా కిందే ఉండమని డ్రైవరుకి చెప్తానన్నాడు. వద్దన్నాను. కింద ఒక మనిషి కాచుకుని ఉంటే పైన నేను గడియారం చూసుకుంటూ ఉంటాను. మందవెల్లి స్టేషన్లో రైలెక్కితే మూడో స్టేషను పేరే లైట్ హౌస్. అక్కడ దిగి కాస్త నడిస్తే సముద్రం.

ఆ స్తంభం సంగతి తెలియనివాళ్లకి చెప్తాను. ఎరుపూ తెలుపూ పట్టీలతో, మూడు మూలలుగా ఉంటుంది. 1977 జనవరిలో మొదలైంది. మద్రాసుకి ఇది నాలుగో దీపం. మొదటిది 1796లో కోటలో, రెండోది 1844లో ఇప్పటి హైకోర్టు ఆవరణలో రాతిస్తంభం మీద, మూడోది 1894లో హైకోర్టు గుమ్మటం మీదే వెలిగింది. ఇప్పటి స్తంభానికి లిఫ్టు ఉంది. మోకాళ్ల నొప్పుల వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. రాజీవ్ గాంధీ హత్య తరవాత భద్రత పేరుతో జనాన్ని పైకి పోనివ్వడం ఆపేశారు. మళ్లీ తెరిచింది 2013 నవంబరు 14న. అంటే ఇరవై ఏళ్ల పైచిలుకు, నా పెళ్లీ పిల్లలూ వాళ్ల చదువులూ అన్నీ జరిగిన కాలమంతా, అది కూడా మూసే ఉంది.

ఇంకో ముచ్చట. తెల్లవాళ్లు 1620లలో ముందుగా కొఠీ పెట్టుకున్నది మన ఆర్మగాన్‌లోనే. అది అచ్చిరాక ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ పోయి 1639లో మద్రాసు చోటు సంపాదించాడు. దుగరాజపట్నం వాళ్లకి కాలం కలిసొచ్చి ఉంటే టీ నగరు చీరల అంగళ్లు మన కోట, వాకాడు పక్కన ఉండేవేమో. వదినకి ఈ మాట చెప్తే పడీ పడీ నవ్వింది.

టికెట్ల కిటికీ దగ్గర ఎంతమంది అని అరవంలో అడిగాడతను. వేలు ఒకటి చూపించాను. అతను నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, మిగతావాళ్లు ఎక్కడున్నారా అని. మళ్లీ నన్ను చూశాడు. మళ్లీ ఒక వేలు చూపించాను. ఒక్క టికెట్టు చింపి ఇచ్చాడు. నా పెళ్లయ్యాక చేతిలో ఒకే ఒక టికెట్టు, అదీ ఆస్పత్రి చీటీ కానిది, పట్టుకోవడం అదే మొదలు.

లిఫ్టులో తొమ్మిదో అంతస్తుకి పోయాను. పైన గాలి మామూలుగా లేదు. కొంగు నడుముకి దోపుకున్నాను.

ముందు ఏం చూడాలో తెలియలేదు. ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది గానీ నిజం. ఎప్పుడూ ఎవరో ఒకరు "అదుగో, అటు చూడు" అంటారు, చూస్తాం. లేకపోతే మనం ఎవరికో చెప్తాం. ఎవరూ లేకపోతే కళ్లు ఎటు పోవాలో కళ్లకే తెలియదు. కాసేపు అట్టే నిలబడ్డాను. తరవాత మెల్లగా నా కళ్లు వాటంతట అవే ఉత్తరం వైపు పోయాయి. ఇసక, దాని పక్కనే రోడ్డు, చివర్న హార్బరు. దాని వెనకాల పులికాట్, దాని పైన మా తీరం, కనపడకపోయినా అటేనని తెలుసు. దక్షిణాన శాంథోమ్ చర్చి తెల్లటి శిఖరం, జాలరి గుప్పాలు, ఒడ్డున లాగిపెట్టిన పడవలు. పడవలు మాత్రం అచ్చం మావే. పడమర వైపు మైలాపూరు. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు అన్నం మాని డిసెంబరు 15న ప్రాణం వదిలింది ఆ ఇళ్ల మధ్యనే, రాయపేట హైరోడ్డులో. మన జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం, రోజూ అర్జీల మీద రాస్తాం. అదే డిసెంబరులో ఆ వైపుకి తిరిగి నిలబడ్డానని ఆ తరవాత తట్టింది.

తూర్పు చివరికి చూశాను. సముద్రం దూరంగా ఉంది. చాలా దూరంగా. ఒడ్డున కనపడే గీత లేదు అక్కడ, దాని అవతల ఇంకా బోలెడు నీళ్లు. ఓడ ఒకటి కదలనట్టే కదులుతూ ఉంది.

ఒక్కతే ఉన్న ఆడమనిషి అంటే ఖాళీగా ఉన్న ఆడమనిషి అని లోకం లెక్క. అరగంటలో నాలుగు జట్లకి ఫోటోలు తీసిపెట్టాను. అక్కా, ఆంటీ, కొంచెం ఇట్టా, అంటూ. అయిదో జట్టుకి కుదరదని చెప్పాను. వాళ్లేమీ అనుకోలేదు, వేరేవాళ్లని అడిగారు. ఇంత సులువా అనిపించింది.

అక్కడ నాకు తేలిన సంగతి ఒకటుంది, అందుకే ఇదంతా రాస్తున్నది. మా పాపకి ఈ ఏడు కాన్పు. న్యూజెర్సీలో ఉంటారు. నేను పురిటికి పోవాలి, ఆర్నెల్లు. సంతోషమే. నా బిడ్డ కాన్పుకి నేను పోకుంటే ఎవరు పోతారు? కానీ ఆ ఆర్నెల్లు అనే లెక్క ఎవరు వేశారో నాకు తెలియదు. అల్లుడు టికెట్టు చూశాడు, వియ్యపురాలు ఆ తరవాతి ఆర్నెల్లు తను పోతానంది, మా ఆయన సరేనన్నాడు, అత్తమ్మకి వంటమనిషిని మాట్లాడారు. అందరూ అన్నీ మాట్లాడుకున్నారు, నన్ను ఒక్కటి అడగలేదు. ఎవరి తప్పూ కాదు, అమ్మ వస్తుందా అని అడిగేదేముంది, అమ్మ వస్తుంది. ఆ సంగతి నా లోపల ముల్లు లాగా ఉందని అంతకు ముందు నాకే తెలియదు. వంటింట్లో అది తెలియదు. పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతూ ఉంటుంది, దాని సంగతి చూసేసరికి లోపలి సంగతి అణిగిపోతుంది. ఆ గాలిలో, చేతిలో ఏమీ లేకుండా నిలబడితే అది పైకొచ్చింది.

మనవాళ్ల అమ్మలు పురిటికి అమెరికా పోయి ఎట్టా ఉంటారో మీకూ తెలుసు. పథ్యం వంటలు, బిడ్డకి నూనె మర్దనా, స్నానం, ఉయ్యాల, డిష్ వాషరు. కిటికీలోంచి మంచు. శనాదివారాలు ఓపికుంటే నయాగరా, గుడి, ఇండియన్ కొట్టు. తీసుకుపోతేనే పోవడం, కారెక్కిస్తేనే ఎక్కడం. ఆర్నెల్లయ్యాక చాక్లెట్ల సంచులతో దిగుతారు. అమెరికా ఎట్టా ఉందంటే "చల్లగా ఉంది" అంటారు. పాతికేళ్లు మనం పెంచిన పిల్లల ఊళ్లో మనం చంటిబిడ్డతో సమానం అయిపోతాం.

ఆ రాత్రి పాపకి ఫోను చేశాను. నాలుగు నెలలుంటాను, ఆర్నెల్లు కాదు అన్నాను. ఎందుకమ్మా, ఒంట్లో బాగాలేదా అంది. బాగానే ఉంది, మీ నాయన రెండో పంట పిల్ల వదిలేటప్పటికి నేను ఇక్కడ ఉండాలనుకుంటున్నా, లెక్కలు నేనే చూస్తా గదా అన్నాను. అది నిజమే. ఇంకోటి, వారంలో ఒక పూట నాకు విడిగా కావాలి, నీ పక్కన ఎవరన్నా ఉన్న పూట చూసి చెప్పు అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "యాడికి పోతావమ్మా నువ్వు?" అంది. పుట్టిన కాన్నించి నా కూతురు నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

మా ఆయన ఈ మాటలు పక్కనించి విన్నాడు. రెండు రోజులు ముభావంగానే ఉన్నాడు. మూడోరోజు నేనే మాట్లాడాను. మీరు రాత్రిళ్లు గుంట గట్టు మీద కుర్చీ వేసుకుని ఒక్కరే కూర్చుంటారు గదా, ఏరియేటర్లు తిరుగుతా ఉంటే, ఏమాలోచిస్తారు అన్నాను. ఏముంది, కరెంటు పోకుండా చూసుకోవాలి అన్నాడు. కాసేపాగి, "బాగుంటుంది లే ఆడ" అన్నాడు. అదీ సంగతి. మగవాడికి ఒంటరితనం ఏదో ఒక పని పేరుతో దొరికిపోతుంది. గట్టు మీద అయితే కాపలా, టీ అంగడి దగ్గర అయితే బేరం, బండి మీద అయితే తిరుగుడు. ఆయనకి ఎవరూ పేరు పెట్టాల్సిన పని లేకుండా దొరికేదాన్ని నేను నోరు తెరిచి అడగాల్సి వచ్చింది, తేడా అంతే.

ఒక్కతే దేశాలు తిరిగి ఫోటోలు పెట్టే అమ్మాయిలతో నన్ను కలపకండి. వాళ్లు తిరగనీ, సంతోషం. నేననేది ఒక పూట. నాలుగు గంటలు. దానికి సెలవూ అక్కర్లేదు, పెద్ద డబ్బూ అక్కర్లేదు. అయితే ఒక్క సలహా ఇస్తాను, కోపం తెచ్చుకోవద్దు. నాలుగు గంటలు బయటికి పోవడానికి ముందు నాలుగు గంటలు వంట చేసి పోకండి. పులుసు కాచి, చారు పెట్టి, పెరుగు తోడేసి, డబ్బాల మీద చీటీలు అంటించి పోయే ఆడవాళ్లని నేనెరుగుదును. అది సెలవు కాదు, వడ్డీ. ఆ పూట వాళ్లు ఇడ్లీలు తెప్పించుకుంటారు. మావాళ్లు టీ నగరులో హాయిగా దోసెలు తిని వచ్చారు, ఎవరికీ నేను గుర్తే రాలేదంట. కాస్త చిన్నబుచ్చుకున్నాను గూడా.

ఎక్కడికి పోతున్నారో ఒకరికి చెప్పి పోండి. ఫోనుకి ఛార్జింగు పెట్టుకోండి, సౌండు తగ్గించుకోండి. సొంత డబ్బులు పెట్టుకోండి, ఎంత చిన్న టికెట్టయినా. మద్రాసు లైట్ హౌసుకి సోమవారం సెలవు, మధ్యాహ్నం కాసేపు మూస్తారు. నేలపట్టుకైతే చలికాలంలో పొద్దున్నే పోవాలి, ఎండెక్కితే పక్షులు కనపడ్డా మీరు నిలబడలేరు.

మా అత్తమ్మకి డెబ్బై నాలుగు. మద్రాసు నించి వచ్చాక వారం రోజులు ఏమీ అనలా. ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఆ పైన కళ్లు తిరగవా?" అని అడిగింది. తిరగవన్నాను. "లిఫ్టు ఉందన్నావు గదా" అంది. ఉందన్నాను. ఇంకేమీ మాట్లాడలేదు. అడిగినప్పుడు తీసుకుపోతాను, లిఫ్టు దగ్గర వదిలిపెట్టి నేను కింద ఉంటాను.

నా వరకు న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ బిల్డింగు అనుకున్నాను. 1931 మే 1న తెరిచిన మేడ, మా అమ్మమ్మ వయసుది. ఇంకా పెద్దవి చాలా వచ్చాయంట ఆ ఊళ్లో, నాకు పాతదే నచ్చింది. 86వ అంతస్తులో, 320 మీటర్ల ఎత్తున, అద్దాల గదిలో కాకుండా బయట గాలిలో నిలబడొచ్చు. అబ్బోడి లెక్క ప్రకారం 60 కిలోమీటర్ల పైన కనపడాలి. అల్లుడు పాపం కంగారు పడ్డాడు, అత్తమ్మా మీరు రైల్లో తప్పిపోతారేమో, నేను ఒక పూట సెలవు పెట్టి తీసుకుపోతాను అన్నాడు. వద్దు నాయనా అన్నాను. వాళ్ల ఇల్లు జర్నల్ స్క్వేర్‌కి నడిచేంత దగ్గర. పాత్ రైలు అక్కడే ఎక్కాలి. మధ్యలో ఆరు స్టేషన్లు: గ్రోవ్ స్ట్రీట్, న్యూపోర్ట్, క్రిస్టఫర్ స్ట్రీట్, 9వ వీధి, 14వ వీధి, 23వ వీధి. చివరిది 33వ వీధి, దిగి పైకొస్తే దగ్గరే. కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన నీళ్లు తాగడానికి వచ్చినప్పుడల్లా చదువుతున్నాడు, ఆయనకీ కంఠతా వచ్చేసింది.